చేతిలోని చక్రం, దారిమీది చక్రం

అమెరికాకు తరలివచ్చిన తెలుగువారిలో చాలామందికి ఈ గడ్డమీద తొలి ఆస్తి ఒక పాత కారు. 1970, 80 దశకాలలో చదువులకు వచ్చిన విద్యార్థులు నలుగురైదుగురు కలిసి చందాలు వేసుకొని కొన్న ఆ పొడవాటి కార్ల ముచ్చట్లు ఇప్పటికీ ఉగాది విందులలో వినవస్తూనే ఉంటాయి. హీటరు పనిచేయని బండి ఒకరిది, తలుపును తాడుతో కట్టుకొని తిరిగిన బండి మరొకరిది. ఆ ముచ్చట్లలో స్టీరింగు వదులైన బండి తప్పక ఒకటి ఉంటుంది. చక్రం జానెడు తిప్పితేగాని బండికి కబురు అందేది కాదని చెప్పి అందరూ నవ్వుకొంటారు. హీటరు లేకపోతే చలి వేస్తుంది, అంతే. స్టీరింగు సంగతి అలాంటిది కాదు.

ఒహాయో రాష్ట్రంలో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబంలో 2002 వసంతకాలంలో జరిగిన ఉదంతం ఇందుకు మంచి ఉదాహరణ. ఇంటి యజమాని ఉద్యోగంలో చేరిన కొత్తలో కొనుక్కొన్న 1989 నాటి షెవర్లే కాప్రీస్ కారు అప్పటికి 1,40,000 మైళ్ళు తిరిగింది. ఇంజను గట్టిగానే ఉంది. పెద్దమ్మాయికి పదహారో ఏడు వస్తోంది. నేర్చుకొనేవారికిచ్చే అనుమతి పత్రం చేతికి వచ్చింది. పెద్ద కారు, బరువైన కారు, ఎవరు వచ్చి గుద్దినా పిల్లకు ఏమీ కాదన్న ఆలోచనతో ఆ బండినే అమ్మాయికి ఇవ్వాలని తల్లిదండ్రులు నిశ్చయించారు. బడి ముందరి పార్కింగు స్థలంలో పాఠాలు సాఫీగా సాగాయి. ఊరి బయటి రోడ్డుమీద గంటకు 45 మైళ్ళ వేగం అందుకొనేసరికి మాత్రం కారు తెల్లగీతల మధ్య పాములా మెలికలు తిరగసాగింది.

"నాన్నా, ఇది నా మాట వినడం లేదు. ముందు తిప్పితే ఏమీ కావడం లేదు. ఇంకొంచెం తిప్పితే ఒక్కసారిగా పక్కకు దూకుతోంది" అన్నది అమ్మాయి.

"నీకింకా చేయి తిరగలేదు తల్లీ. పన్నెండేళ్ళుగా నడుపుతున్నాను, నాకెన్నడూ అలా అనిపించలేదు" అని తండ్రి సమాధానం.

ఇద్దరి మాటా నిజమే. స్టీరింగులో వదులు ఒక్కరోజులో వచ్చేది కాదు. ఏడాదికి వెంట్రుకవాసి చొప్పున పెరుగుతుంది. రోజూ నడిపేవాని చేతులు ఆ మార్పుతోపాటే తమ తీరును మార్చుకొంటూ పోతాయి. చక్రాన్ని కాస్త ఒకవైపుకు ఒరగబట్టి ఉంచడం, క్షణక్షణం చిన్నచిన్న సవరింపులు చేయడం అతనికి తెలియకుండానే అలవాటైపోతుంది. కొత్తగా కూర్చున్న మనిషికి ఆ అలవాటు లేదు కనుక లోపం లోపంగానే కనబడుతుంది. అందువలన పాత కారు స్టీరింగు విషయంలో యజమాని అభిప్రాయం కంటె, ఆ కారును ఎన్నడూ నడపని మనిషి అభిప్రాయానికే ఎక్కువ విలువ ఇవ్వడం మంచిది. ముఖ్యంగా ఆ మనిషి రేపటినుండి దానిని ఒంటరిగా నడపవలసిన పిల్ల అయినప్పుడు.

అమ్మాయి మాటలో మరొక విశేషమున్నది. స్టీరింగు వదులుగా ఉందన్న ఫిర్యాదు, మరీ చురుకుగా ఉందన్న ఫిర్యాదు, రెండూ ఒకే నోట వచ్చాయి. ఇది తరచుగా జరిగేదే. వదులు ఉన్నంతమేర చక్రం తిప్పినా ఫలితం కనబడదు; చేయి ఇంకా తిప్పుతుంది; సందు కాస్తా తీరిపోయి పళ్ళు పళ్ళను పట్టుకొనేసరికి చేయి అవసరానికి మించి తిరిగి ఉంటుంది. బండి దూకిందనిపిస్తుంది. నిజంగానే అతిచురుకైన స్టీరింగు వేరే ఉన్నది, దాని కారణాలు వేరు. కాని అలాంటి ఫిర్యాదు వచ్చినప్పుడు మొదట అనుమానించవలసింది వదులునే.

కొద్దిపాటి వదులు ఎంత పని చేయగలదో లెక్కవేసి చూడవచ్చును. స్టీరింగు చక్రం వ్యాసం 15 అంగుళాలు అనుకొంటే చుట్టుకొలత దాదాపు 47 అంగుళాలు. దాని అంచు దగ్గర 2 అంగుళాల వదులు ఉంటే అది సుమారు 15 డిగ్రీలకు సమానం. చేతిలోని చక్రం 16 డిగ్రీలు తిరిగితే దారిమీది చక్రం 1 డిగ్రీ తిరిగే కారులో, ఆ వదులు రోడ్డు దగ్గర దాదాపు ఒక డిగ్రీ అవుతుంది. అంటే తిన్నని దారికి అటు అర డిగ్రీ, ఇటు అర డిగ్రీ. ఈ అర డిగ్రీ మేరకు గాలి తోపు, రోడ్డు వాలు, చిన్న గుంట, ఏదైనా సరే ముందు చక్రాలను తనకు తోచినట్టు నెట్టగలదు. కాప్రీస్ ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ నడుమ దూరం 116 అంగుళాలు. గంటకు 60 మైళ్ళ వేగంలో, అనగా సెకనుకు 88 అడుగుల చొప్పున పోతున్నప్పుడు, ఆ అర డిగ్రీ ఒక్క సెకను నిలిచిందంటే కారు మూడడుగులకు పైగా పక్కకు జరుగుతుంది. టైర్ల సాగుడును కూడా లెక్కలోకి తీసుకొంటే ఇది కొంత తగ్గవచ్చు. కాని అంతర్రాష్ట్ర రహదారిమీద ఒక్కొక్క వరుస వెడల్పు 12 అడుగులు, కారు వెడల్పు 6 అడుగుల పైచిలుకు. సరిగ్గా నడిమధ్యన పోయే బండికి కూడా ఒక్కో పక్కన మిగిలేది మూడడుగులకు లోపే.

ఇంతకూ ఈ వదులు పుట్టేది ఎక్కడ? మన పల్లెల ఎద్దుబండికి ఈ బాధ లేదు. ఎద్దులు ఎటు మళ్ళితే కాడి అటు మళ్ళుతుంది, నొగలూ ఇరుసూ దాని వెంట పోతాయి. ఇరుసు చెరో కొసన ఏ చక్రానికి ఆ చక్రం విడిగా తిరుగుతుంది కనుక మలుపులో లోపలి చక్రం మెల్లగా, బయటి చక్రం వడిగా తిరిగినా చిక్కు లేదు. నాలుగు చక్రాల దేవుడి రథం సంగతి వేరు. దాని ఇరుసులు మళ్ళవు. అందుకే రథోత్సవంలో వీధి మలుపు రాగానే చక్రాల కింద కొయ్యదిమ్మెలు పెట్టి, మోకులు లాగేవారి బలంతో రథాన్ని కొంచెం కొంచెంగా ఒరపించి తిప్పవలసి వస్తుంది. ఐరోపాలో నాలుగు చక్రాల గుర్రపుబండ్లకు ముందు ఇరుసునంతటినీ ఒక నడిమి శీలమీద తిప్పేవారు. దానివలన మలుపులో బండికి ఆధారం ఇరుకై, బోల్తాపడే ప్రమాదముండేది. మ్యూనిక్ నగరపు బండ్ల నిర్మాత గేయోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ ఇరుసును కదలనీయకుండా, ముందు చక్రాలు రెండూ దేని కీలుమీద అది మళ్ళే పద్ధతిని కనిపెట్టాడు. ఆయన తరపున 1818లో రూడాల్ఫ్ ఆకర్మన్ లండనులో పేటెంటు తీసుకొన్నాడు. లోకం ఆ పద్ధతిని పేటెంటు తీసుకొన్నవాని పేరుతోనే పిలుస్తుంది. కనిపెట్టినవాని పేరు పుస్తకాలలో మిగిలిపోయింది.

ఈనాటి కార్లకు మూలం ఆ పద్ధతే. సౌకర్యం గొప్పదే గాని, దానికి చెల్లించవలసిన మూల్యం కీళ్ళు. ఏ చక్రానికి ఆ చక్రం మళ్ళాలంటే రెండింటినీ కలిపే కడ్డీలు కావాలి. కడ్డీకీ కడ్డీకీ నడుమ కీలు కావాలి. కాప్రీస్ వంటి కారులో చేతిలోని చక్రం నుండి ఒక ఇనుప కడ్డీ కిందికి దిగుతుంది. దాని కొసన, రోడ్డు అదురు చేతికి తగలకుండా రబ్బరు, గుడ్డ పొరలు కలిపి చేసిన ఒక బిళ్ళ ఉంటుంది. పనివారు దానిని ర్యాగ్ జాయింటు అంటారు. ఆ తర్వాత గేరుపెట్టె. గేరుపెట్టె నుండి కిందికి వేలాడే చేయి పిట్‌మన్ ఆర్మ్. అది కారు వెడల్పున ఉండే సెంటర్ లింకును అటూ ఇటూ లాగుతుంది. ఆ లింకు రెండో కొసను మోసేది ఐడ్లర్ ఆర్మ్. లింకునుండి చెరో చక్రానికి టై రాడ్డులు, వాటి కొసలకు గుండు కీళ్ళు. ఇన్ని చేతులు మారిన తరువాతగాని కబురు చక్రానికి చేరదు. ఒక్కొక్క కీలు దగ్గర నలుసంత సందు ఉన్నా, అన్నీ కూడితే చేతి దగ్గర అంగుళాల లెక్క తేలుతుంది.

గేరుపెట్టెను గురించి కాస్త ఎక్కువగా చెప్పుకోవాలి, ఎందుకంటే తప్పులన్నీ జరిగేది దాని దగ్గరే. కాప్రీస్‌లో ఉన్నది ఉక్కు గుండ్లు తిరుగాడే రకం. జనరల్ మోటర్స్ సంస్థ 1940లో కాడిలాక్ కార్లలో ప్రవేశపెట్టిన ఈ గేరుపెట్టెలు మిషిగన్ రాష్ట్రంలోని సాగినా పట్టణంలో తయారయ్యేవి. ఆ పట్టణం పేరే వాటికి వాడుక పేరైంది. స్టీరింగు కడ్డీ కొసన మరచుట్టు ఉంటుంది. దానిమీద ఒక ఉక్కు దిమ్మె. మరచుట్టుకూ దిమ్మెకూ నడుమ గాడిలో ఉక్కు గుండ్లు బారులు తీరి దొర్లుతూ, ఒక కొసకు చేరగానే గొట్టంగుండా వెనుకకు వచ్చి మళ్ళీ బారులో కలుస్తాయి. రాపిడి లేదు, దొర్లుడే ఉన్నది కనుక ఈ భాగం చాలాకాలం మన్నుతుంది. దిమ్మె వెలుపలి వైపున పళ్ళు ఉంటాయి. అవి మరొక పళ్ళచక్రపు తునకను తిప్పుతాయి. ఆ తునక ఇరుసుకే పిట్‌మన్ ఆర్మ్ బిగించి ఉంటుంది.

ఇక్కడ నిర్మాతలు చేసిన ఒక యుక్తి తెలుసుకోదగినది. కారు తన జీవితంలో అధికభాగం తిన్నగానే పోతుంది కనుక పళ్ళు ఎక్కువగా అరిగేది నడిమి స్థానంలోనే. అందుకని మొదటినుండే నడిమి స్థానంలో పళ్ళు బిగుతుగా, రెండు పక్కలా కొంచెం వదులుగా కలిసేటట్టు మలచారు. అరుగుదలను సరిచేయడానికి పెట్టెపైన ఒక మర, దానిని కదలకుండా పట్టే నట్టు ఉంటాయి. ఆ మరను బిగించవలసింది చక్రాలు తిన్నగా ఉన్నప్పుడే. అదికూడా పిట్‌మన్ ఆర్మ్‌ను కడ్డీలనుండి విడదీసి, స్టీరింగును తిప్పడానికి ఎంత బలం పడుతున్నదో అంగుళం-పౌన్ల కొలమానంతో కొలుస్తూ, సర్వీసు పుస్తకంలో చెప్పినంతవరకే. కాని ఆ మర పైకి కనబడుతూ ఉంటుంది. ఒక రెంచీ, ఒక ఆలెన్ తాళంచెవి చాలు. పైసా ఖర్చు లేని వైద్యంలా తోస్తుంది.

ఒహాయో తండ్రిగారు సరిగ్గా అదే చేశారు. అమ్మాయి ఫిర్యాదు నాలుగోసారి విన్నాక ఒక శనివారం సాయంకాలం ఆ మరను అరచుట్టు బిగించారు. వదులు మాయమైంది! ఇంటిల్లిపాదీ సంతోషించారు. మరునాడు అమ్మాయి ఎడమచేతి మలుపు తిరిగి చక్రాన్ని వదులు చేసింది. మామూలుగా అయితే చక్రం తనంత తాను తిన్నని స్థానానికి తిరిగి రావాలి. రాలేదు. కారు వంపుగానే ఎదురు వరుస వైపు పోసాగింది. పక్కనున్న తండ్రి చేయి చాచి చక్రాన్ని లాగకపోతే ఎదురుగా వస్తున్న ట్రక్కుకు తగిలేదే. ఆ ట్రక్కు డ్రైవరు మోగించిన హారను ఆ కుటుంబానికి చాలాకాలం గుర్తుండిపోయింది.

పళ్ళను మితిమీరి బిగిస్తే జరిగేది ఇదే. వదులు పోదు; బిగుతు చాటున దాక్కుంటుంది. రాపిడి పెరగడం వలన చక్రం నడిమికి తిరిగి రాదు. తిన్నని రోడ్డుమీద కూడా డ్రైవరు కొంచెం తిప్పగానే అక్కడే అంటుకుపోయినట్టు ఉండి, వెనుకకు తేవడానికి మళ్ళీ బలం పెట్టవలసి వస్తుంది. వదులు ఉన్నప్పటి మెలికలే మళ్ళీ వస్తాయి, మరింత మొండిగా. పైగా బిగిసిన పళ్ళు త్వరగా పాడవుతాయి. అరిగిన పెట్టెను నడిమి స్థానంలో సరిపోయేటట్టు బిగిస్తే పక్కలకు తిప్పినప్పుడు పట్టేయడం కూడా ఉంటుంది. వదులైన స్టీరింగుతో నడిచే కారుకంటె ఇలా బిగించిన కారు ఎక్కువ ప్రమాదకరమంటే అతిశయోక్తి కాదు.

ఆ ఆదివారం సాయంకాలమే వారు అదే ఊరిలోని ఒక పెద్దాయనను పిలిచారు. ఆయన ఆటోమొబైల్ కర్మాగారంలో ఇంజనీరుగా పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్న తెలుగువారే. అంతా విని ఆయన అడిగింది ఒకటే: "మర బిగించారు సరే. జబ్బు ఆ పెట్టెలోనే ఉన్నదని ఎలా తెలిసింది?" సమాధానం లేదు.

వదులును వెదికే పద్ధతికి పెద్ద పరికరాలు అక్కరలేదు; ఇద్దరు మనుషులు కావాలి. కారు బరువు ముందు చక్రాలమీదనే ఉండాలి, అందువలన జాకీమీద ఎత్తకుండా ర్యాంపులమీద ఎక్కించడం మేలు. వెనుక చక్రాలకు దిమ్మెలు వేయాలి, చేతి బ్రేకు లాగాలి. పవర్ స్టీరింగు ఉన్న బండికి ఇంజను నడుస్తూ ఉండాలి. లేకుంటే గేరుపెట్టెలో వాల్వును తిప్పే సన్నని ఉక్కు కడ్డీ మెలిపడి, లేని వదులు ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది. ఇంజను నడుస్తుంది కనుక ఈ పని గరాజులో కాదు, ఆరుబయట జరగాలి. ఫ్యానుకూ బెల్టుకూ చేతులు, చీర కొంగులు దూరంగా ఉండాలి.

తల్లి డ్రైవరు స్థానంలో కూర్చొని చక్రాన్ని అటు రెండంగుళాలు, ఇటు రెండంగుళాలు, గడియారపు లోలకంలా ఆపకుండా ఊపసాగింది. పెద్దాయన, తండ్రి, టార్చి లైటుతో అమ్మాయి ఒక్కొక్క కీలు దగ్గరా ఆగి చూశారు. సూత్రం చాలా సులభం. కీలుకు ఇటువైపు భాగం కదులుతూ, అటువైపు భాగం ఆలస్యంగా కదిలితే ఆ కీలులో సందు ఉన్నట్టే. పైనుండి కిందికి, చేతినుండి చక్రం దాకా వరుస తప్పకుండా రావాలి. కన్ను పట్టుకోలేని సందును కీలుమీద ఆనించిన వేలు పట్టుకొంటుంది.

మొదటి దొంగ ర్యాగ్ జాయింటు. ఇంజను నూనె కారి కారి బిళ్ళ మెత్తబడి పొరలు విడిపోయింది. పై కడ్డీ కదిలిన తరువాత కొంత ఆగి కింది కడ్డీ కదులుతోంది. గేరుపెట్టె దగ్గర, లోనికి పోయే కడ్డీకీ బయటికి వచ్చే పిట్‌మన్ ఆర్మ్‌కూ నడుమ తేడా పోల్చలేనంత స్వల్పం. అప్పటికి మరను మళ్ళీ పాత గుర్తుకు తిప్పి ఉంచారు. అంటే బిగించకముందు కూడా పెట్టె మంచిదేనన్నమాట! పెట్టెను చట్రానికి పట్టి ఉంచే బోల్టులు గట్టిగా ఉన్నాయి. ఒహాయోలో చలికాలం రోడ్లమీద ఉప్పు చల్లుతారు కనుక ఆ బోల్టుల చుట్టూ చట్రం తుప్పుపట్టి పగిలిందేమోనని ప్రత్యేకంగా చూడవలసి ఉంటుంది. ఐడ్లర్ ఆర్మ్ దగ్గరికి వచ్చేసరికి పెద్దాయన దాని కొసను పట్టుకొని పైకీ కిందికీ ఊపి చూపించారు. సుమారు 25 పౌన్ల బలంతో ఊపినప్పుడు మొత్తం కదలిక పావు అంగుళానికి మించరాదని జనరల్ మోటర్స్ సర్వీసు పుస్తకాల మాట. ఇక్కడ అది అర అంగుళం దాకా పోతోంది. ఆ కొస పైకి లేచినప్పుడల్లా ఆ వైపు చక్రం దానంతట అదే కొంచెం మళ్ళుతుంది, చేతిలోని చక్రం కదలకపోయినా సరే. గుంటల రోడ్డుమీద కారు దిక్కుమాలినట్టు తిరగడానికి అసలు కారణం ఇదే. చివరిదిగా ఎడమ చక్రం దగ్గరి టై రాడ్ ఎండ్; దాని రబ్బరు తొడుగు చినిగి, గ్రీజు పోయి, మట్టి చేరి, గుండు కీలు గలగలమంటోంది.

తరువాత ముందు భాగాన్ని ఎత్తి జాక్ స్టాండ్లమీద నిలిపారు. ఒక్క జాకీని నమ్మి కారు కిందికి దూరడం ఆత్మహత్యతో సమానం. చక్రాన్ని గడియారంలోని 9, 3 స్థానాలలో పట్టుకొని ఊపితే టై రాడ్డుల సంగతి, 12, 6 స్థానాలలో పట్టుకొని ఊపితే బేరింగుల సంగతి, బాల్ జాయింటుల సంగతి బయటపడుతుంది. ఈ కారులో స్ప్రింగు కింది చేతిమీద కూర్చుంటుంది కనుక బాల్ జాయింటు మీది బరువు తొలగాలంటే స్టాండు ఆ కింది చేతి కిందనే పెట్టాలి. బరువు నేలమీద ఉన్నప్పుడు ఈ కింది బాల్ జాయింటు తన అరుగుదలను తానే చెబుతుంది. గ్రీజు పెట్టే నిపుల్ చుట్టూ చిన్న గుబ్బ 0.050 అంగుళం మేర పొడుచుకొని ఉంటుంది. అది తరిగి అడుగుభాగంతో సమానమైతే కీలు మార్చవలసిన సమయం వచ్చినట్టే. కాప్రీస్ గుబ్బ ఇంకా గోటికి తగులుతూనే ఉంది.

మొత్తంమీద దోషులు ముగ్గురు. ఏ ఒక్కరూ పూర్తి నేరం చేసినవారు కారు. తలా ఒక పాలు పంచుకొన్నవారే. నిజానికి ఇటువంటి కార్లలో ఒకే ఒక్క భాగం మార్చి, ఇంకా వదులు పోలేదని నిరాశపడేవారు ఎందరో. విడిభాగాలు మారుస్తూ పోయి, ఎక్కడో ఒకచోట అదృష్టం తగులుతుందని ఎదురుచూడడం ఖరీదైన జూదం. అరగంట వెదకడం చౌక.

మార్పు పని కష్టమైనది కాదు గాని రెండు జాగ్రత్తలు తప్పనిసరి. టై రాడ్ ఎండ్ నట్టును కొలత ప్రకారం బిగించాక కాటర్ పిన్ను రంధ్రం ఎదురుగా రాకపోతే నట్టును ఇంకా కొంచెం ముందుకు బిగించాలేగాని, ఎన్నడూ వెనుకకు వదులు చేయరాదు. పాత పిన్నును మళ్ళీ వాడరాదు. రెండు డాలర్లు కూడా చేయని ఆ పిన్ను ఊడితే నట్టు ఊడుతుంది, నట్టు ఊడితే చక్రం స్వతంత్రమవుతుంది.

భాగాలు మార్చిన తరువాతనే అలైన్‌మెంటు. వదులైన కీళ్ళమీద చేయించిన అలైన్‌మెంటు ఆ దుకాణం గేటు దాటేవరకే నిలుస్తుంది. ఈ కారు విషయంలో అక్కడ ఇంకొక పాత తప్పు బయటపడింది. అంతకు మూడేళ్ళ కిందట ఒక టైర్ల దుకాణంవారు, తిన్నగా పోతున్నప్పుడు చేతి చక్రం వంకరగా ఉంటోందని దానిని ఊడదీసి, తిన్నగా కనబడేటట్టు తిరిగి బిగించారు. చూపుకు బాగుంది. కాని కారు తిన్నగా పోయేటప్పుడు గేరుపెట్టె తన నడిమి స్థానంలో లేదు. ఎక్కడైతే పళ్ళు వదులుగా ఉండాలని మలచారో అక్కడ పనిచేస్తోంది. పెట్టెలో ఏ దోషమూ లేకపోయినా రోడ్డుమీద వదులు అనిపించడంలో దీని వాటా కూడా ఉన్నది. సరైన పద్ధతి ఏమంటే, మొదట గేరుపెట్టెను నడిమి స్థానంలో నిలిపి, చేతి చక్రాన్ని కడ్డీమీది గుర్తుకు సరిగా అమర్చి, ఆపైన రెండువైపుల టై రాడ్డుల గొట్టాలను తిప్పుతూ దారిమీది చక్రాలను దానికి అనుగుణంగా తేవడం. కొంచెం ఓపిక కావాలి. గాలిసంచి ఉన్న తరువాతి కార్లలో చేతి చక్రాన్ని ఇంటి దగ్గర ఊడదీయడం అసలే తగదు.

ఇక వదులు ఏమీ లేకుండానే స్టీరింగు మరీ చురుకుగా, ముట్టుకొంటే ఉలిక్కిపడేటట్టు ఉన్న కార్ల సంగతి. వీటిలో మొదట చూడవలసింది టైర్ల గాలి, అది ఉచితం. ముందు టైర్లలో ఎక్కువగా, వెనుక టైర్లలో తక్కువగా గాలి ఉంటే ముందు భాగం తొందరగా స్పందిస్తుంది, వెనుక భాగం బద్ధకంగా అనుసరిస్తుంది. కారు తోక ఊపుతున్నట్టుంటుంది. చేతి చక్రాన్ని మార్చి చిన్న క్రీడారకం చక్రం వేయడం మరొక కారణం. అంగుళం కదిలితే కోణం ఎక్కువ తిరుగుతుంది.

ఆ తరువాతది చక్రాల కోణాలు. సైకిలు ముందు ఫోర్కు వెనుకకు వాలి ఉండడం, చేతులు వదిలినా సైకిలు తిన్నగా పోవడానికి తోడ్పడుతుంది. కారు చక్రాలు మళ్ళే కీళ్ళ రేఖకు కూడా అలాంటి వాలే ఉంటుంది; దానిని కాస్టర్ అంటారు. స్ప్రింగులు కుంగినా, రబ్బరు బుష్షులు అరిగినా ఈ వాలు తగ్గి, కారుకు తిన్నగా పోవాలన్న కోరిక సన్నగిల్లుతుంది. 1960లలోని అమెరికన్ కార్లకు కాస్టర్ చాలా తక్కువగా నిర్ణయించారు. నాటి టైర్ల తీరు, చేతి బలంతో తిప్పవలసిన స్టీరింగు అందుకు కారణాలు. ఆ కార్లకు ఇప్పటి రేడియల్ టైర్లు వేసి, అలనాటి పుస్తకంలోని కోణాలే ఉంచితే అవి రోడ్డుమీద కుదురుగా ఉండవు. వీలున్నంతవరకు కాస్టర్ పెంచమని అలైన్‌మెంటు చేసేవారిని అడగవచ్చును. ముందు చక్రాల ముక్కులు బయటికి చూస్తున్నా ఇదే అవస్థ. ఏ చక్రంమీద క్షణకాలం బరువు పడితే అది కారును తనవైపు లాగుకొంటుంది. అవి రవంత లోనికి చూడడమే క్షేమం.

పవర్ స్టీరింగు కూడా కొన్ని పాత కార్లలో ఈ పని చేస్తుంది. ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీరు 1926లోనే దీనిని ఒక పియర్స్-ఆరో కారులో అమర్చి చూపినా, అమ్మకపు కార్లలో కనబడింది 1951లో, క్రైస్లర్ ఇంపీరియల్‌తో. ఆపైన పాతికేళ్ళపాటు ఒక్క వేలితో తిప్పగలగడమే గొప్ప అన్నట్టు కంపెనీలు సాయాన్ని పెంచుతూ పోయాయి. ఆనాటి కారు నేడు కొన్నవారికి చేతిలో రోడ్డు స్పర్శ తెలియదు. సాగినా పెట్టెలలోనైతే వాల్వులోని ఉక్కు కడ్డీ మందమైనది ఉన్న పెట్టెను వేయించుకొంటే చేతికి కాస్త బరువు, దానితో కుదురు వస్తాయి. ఇది ఇంటి దగ్గర చేసుకొనే పని కాదు.

హోండా, టయోటా వంటి ముందు చక్రాలు లాగే కార్లలో ఇన్ని కడ్డీలు ఉండవు. పళ్ళున్న పొడవాటి ఊచను చిన్న పళ్ళచక్రం నేరుగా పక్కలకు జరుపుతుంది. కీళ్ళు తక్కువ, వదులూ తక్కువే. అయినా ఊచను చట్రానికి పట్టే రబ్బరు బుష్షులు, లోపలి టై రాడ్ కీళ్ళు అరుగుతాయి. అక్కడా ఊచను పళ్ళచక్రానికి అదిమి పట్టే ఒక బిగింపు మర ఉంటుంది, అదే ప్రలోభం, అదే ఫలితం.

కాప్రీస్ అలైన్‌మెంటు ముగించుకొని వచ్చిన ఆదివారం అమ్మాయి దానిని రహదారి ఎక్కించింది. గంటకు 60 మైళ్ళ వేగంలో కారు వరుస నడుమ దారంపట్టినట్టు పోయింది. ఆమె ఏమీ అనలేదు, రేడియో పెట్టమన్నది. తిరుగు ప్రయాణంలో తండ్రి చక్రం పట్టుకొన్నారు. కారు మళ్ళీ అటూ ఇటూ మెలికలు తిరగసాగింది.

"నాన్నా, ఎందుకలా ఊపుతున్నావు?"

"ఇది మరీ చురుకైపోయిందమ్మా, ముట్టుకొంటే చాలు పరుగెడుతోంది."

"ఇక మీ చేతులకు చేయించాలి అలైన్‌మెంటు" అన్నది వెనుక సీటులోని తల్లి.

ఆయన చేతులు కుదుటపడడానికి రెండు వారాలు పట్టింది.